అక్షరం కింద చుక్క

వనపర్తి దవాఖానలో డయాలసిస్ గదికి వచ్చేవాళ్లలో చేతిలో పుస్తకంతో వచ్చే మనిషి ప్రభుదాసు ఒక్కడే. వారానికి మూడుసార్లు పొద్దున్నే గద్వాలలో బస్సెక్కి, భార్య జమ్ములమ్మను వెంటబెట్టుకుని వచ్చేవాడు. ఎడమ చేతికి సూదులు గుచ్చి, గొట్టాలు తగిలించి, మిషను తిరగడం మొదలయ్యాక కుడిచేత్తో కళ్లజోడు సర్దుకుని, మొన్న ఎక్కడ ఆపామని అడిగేవాడు. ఉమ అప్పటికే పడక పక్కన స్టూలు లాక్కుని ల్యాప్‌టాప్ తెరిచి కూర్చునేది.

ఇంత దూరం తిరగడమెందుకు, గద్వాలలోనే చేయించుకోవచ్చు కదా అని డాక్టరు మొదట్లోనే అడిగాడు. ప్రభుదాసు వినలేదు. ఉమ వనపర్తి కాలేజీలో గెస్టు లెక్చరరు. పూటంతా పైకప్పు చూస్తూ పడుకోవడం తన వల్ల కాదనీ, ఆమె పక్కన ఉంటే చదువు సాగుతుందనీ అన్నాడు. జమ్ములమ్మకు మాత్రం ఆ ప్రయాణం గొంతులో ముల్లు. బస్సు బీచుపల్లి దగ్గర కృష్ణ వంతెన మీదికి రాగానే ఆమె కొంగు ముఖం మీదికి లాక్కునేది. వంతెన దాటిందని చక్రాల చప్పుడును బట్టి తెలుసుకున్నాకే తీసేది. వాళ్ల ఒక్కగానొక్క కొడుకు పాల్ ఆ నీళ్లలోనే పోయాడు.

వాళ్లిద్దరూ ఆ పడక దగ్గర చదివేది గ్రీకు. దవాఖానలో అందరూ అదేదో బైబిలు చదువు అనుకునేవాళ్లు. ప్రభుదాసు ఒకప్పుడు గద్వాలలో పాస్టరు కాబట్టి అలా అనుకోవడంలో తప్పు లేదు. అయిజ మార్కెట్లో పత్తి బోరాలు మోసిన హమాలీ కొడుకు అతను. క్రైస్తవ మిషనరీలు చదివించారు. పాస్టర్లను తయారుచేసే వేదాంత కళాశాలలో బైబిలు వాక్యం కోసం నేర్పిన గ్రీకు అతనికి మిగతావాళ్లకు పట్టినట్టు కాక, వ్యసనంలా పట్టుకుంది. వాక్యం దాటి, ఆ భాషలో అంతకు ముందు రాసిన తత్వవేత్తల దాకా పోయాడు. ఆదివారం ప్రసంగం చెప్పేవాడు, మిగతా రోజులు పాత పుస్తకాల్లో తల దూర్చేవాడు. సంఘంలో వాళ్లకు ఇది కొంచెం వింతగా తోచినా, మనిషి మంచివాడని ఊరుకున్నారు.

పాల్ ఇంటర్ చదివే రోజుల్లో స్నేహితులతో కలిసి ఏటికి ఈతకు పోయాడు. మరునాడు చేపలవాళ్ల వలకు దొరికాడు. సమాధుల దగ్గర పెట్టెను గుంటలోకి దించుతుంటే ప్రభుదాసు దాని మీద పడి లేవలేదు. ఇన్నేళ్లుగా తాను ఎవరి గురించి ప్రసంగాలు చెప్పాడో ఆయన్నే నోటికొచ్చినట్టు తిట్టాడు. నలుగురు పట్టుకుని లాగితే చొక్కా చినిగి వాళ్ల చేతుల్లోకి వచ్చింది. సంఘం పెద్దలు కొన్నాళ్లు ఊరుకున్నారు. తర్వాత ఇంటికి వచ్చి, ఆశ లేనివాడిలా ఏడ్చిన మనిషి మాకు ఆశ గురించి ఏం చెప్తాడని మర్యాదగానే అడిగారు. అతను చర్చి తాళాలు ఇచ్చేసి, ఒక ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఇంగ్లీషు చెప్పుకుంటూ బతికాడు.

ఆ రోజుల్లోనే అతనికి ఆ వాక్యం మళ్లీ ఎదురైంది. రెండు వేల ఏళ్ల కిందటి తత్వవేత్త ఒకాయన, పేరు కూడా సరిగ్గా మిగలనివాడు, బిడ్డను పోగొట్టుకున్న స్నేహితుడికి ధైర్యం చెబుతూ రాసిన చిన్న గ్రంథం అది. ఆయన చేతిరాత ఏనాడో పోయింది. వెయ్యేళ్ల తర్వాత సన్యాసులు మఠాల్లో కూర్చుని ఒకదాన్ని చూసి ఒకటి రాసుకున్న ప్రతులు మాత్రం ఉన్నాయి. వాటన్నిటిలో ఒకే మాట: చచ్చిన బిడ్డ కోసం తండ్రి ఏడవవద్దు. దాని వెంటనే ఇంకో వాక్యం: రాయి ఏడవదు, అయినా రాయిని ఎవరూ జ్ఞాని అనరు. పాల్ పోకముందు కూడా ప్రభుదాసు దాన్ని చదివి పేజీ తిప్పాడు. ఇప్పుడు మాత్రం అక్కడే ఆగిపోయాడు. మొదటి మాటకూ రెండో మాటకూ పొత్తు కుదరడం లేదు. మొదటిదాంట్లో 'వద్దు' లేకపోతే మాత్రం రెండూ ఒకదాని చేయి ఒకటి పట్టుకుని నడుస్తాయి.

గ్రీకులో ఆ 'వద్దు' రెండే అక్షరాల మాట. ఒక సున్న, పక్కన పంగలకర్ర లాంటి గీత. ఆ రెండక్షరాల కోసం ప్రభుదాసు పదేళ్లకు పైగా ఖర్చుపెట్టాడు. దేశదేశాల గ్రంథాలయాలకు రాసి ప్రతుల ఫోటోలు తెప్పించుకున్నాడు. ఏ ప్రతి దేన్ని చూసి రాసిందో, తల్లి ఏదో, పిల్ల ఏదో తేల్చాడు. మిగిలిన ప్రతులన్నీ ఒకే తల్లికి పుట్టాయనీ, ఆ తల్లి ప్రతిని రాసిన సన్యాసి, ఏడుపంటే విశ్వాసం లేకపోవడమని నమ్మినవాడు కాబట్టి, తన చేత్తో 'వద్దు' చేర్చాడనీ వ్యాసం రాశాడు. విదేశాల్లో ఆ గ్రంథాన్ని పరిష్కరించిన పండితుడొకాయన ఆ సూచనను పేజీ అడుగున చిన్న అక్షరాల్లో, ప్రభుదాసు పేరుతో సహా అచ్చువేశాడు. గద్వాలలో ఆ సంగతి తెలిసింది ఇద్దరికే. జమ్ములమ్మకూ, ఉమకూ.

ఉమది లింగాల దగ్గరి పల్లె. మెట్ట సేద్యం ఇల్లు. అక్క నవనీతను గద్వాలలో ఇవ్వడంతో, ఆ ఇంట్లో ఉండి డిగ్రీ చదువుతూ, ఇంగ్లీషు ట్యూషన్ కోసం ప్రభుదాసు దగ్గరికి వచ్చింది. బల్ల మీద తెరిచి ఉన్న పుస్తకంలో తెలియని లిపి చూసి అదేమిటని అడిగింది. ఆ అడగడం అడగడం, ఆరేళ్లు ఆయన దగ్గరే గ్రీకు నేర్చుకుంది. మధ్యలో హైదరాబాదులో ఎం.ఏ. చదివేటప్పుడు కూడా సెలవుల్లో సంచీ అక్క ఇంట్లో పడేసి నేరుగా సారు ఇంటికి వెళ్లేది. పాత ప్రతిని చదివే పద్ధతి అంతా ఆయన నేర్పిందే. నీకేం కావాలో అది చదవకు, కంటికి కనిపించింది చదువు అనేవాడు. అక్షరం మీద ఏ కొంచెం అనుమానం ఉన్నా దాని కింద చుక్క పెట్టాలి. చుక్క అంటే, ఇది ఇదేనని నేను ప్రమాణం చేయలేను అని చదివేవాళ్లకు చెప్పడం. అలా చెప్పడానికి సిగ్గుపడేవాడు ఈ పనికి పనికిరాడు అనేవాడు.

ఆ నేర్పే ఉమకు ఒక పని తెచ్చిపెట్టింది. విదేశాల్లో ఒక విశ్వవిద్యాలయం వాళ్లకు పాత ప్రార్థనల పుస్తకం ఒకటి దొరికింది. దాని తోలు ఆకుల మీద అంతకుముందున్న రాతను ఎవరో గీకేసి, ఆకులను అడ్డంగా తిప్పి ప్రార్థనలు రాసుకున్నారు. అడుగున గీకేసిన రాత ఆ తత్వవేత్త గ్రంథమే. మిగతా అన్ని ప్రతుల తల్లి కన్నా కొన్ని వందల ఏళ్లు పాతది. రకరకాల వెలుతుర్లలో ఫోటోలు తీసి, అడుగురాతను చదవడానికి మనుషులను వెతుక్కుంటుంటే, ప్రభుదాసు సిఫారసుతో, వాళ్లు పెట్టిన పరీక్ష గట్టెక్కి ఉమ అందులో చేరింది. ఆకులు ఒక్కొక్కటే పంపేవాళ్లు. సారుతో కలిసి చదువుతానని అడిగితే సంతోషంగా ఒప్పుకున్నారు. అందుకే దవాఖానలో ఆ చదువు.

ప్రభుదాసు ఎదురుచూసేది ఒక్క ఆకు కోసం. మిషను గొట్టాల్లో రక్తం తిరుగుతుంటే, ఆ ఆకు వచ్చిందా అని ప్రతిసారీ అడిగేవాడు. రాలేదంటే, వస్తదిలే, అదేం ఉరికిపోదు అని నవ్వేవాడు.

అది వచ్చింది. ఒక శనివారం మధ్యాహ్నం కాలేజీ స్టాఫ్‌రూంలో ఉమ దాన్ని తెరిచింది. ఊదారంగు వెలుతురులో తీసిన ఫోటోలో ప్రార్థన అక్షరాలు నల్లగా అడ్డంగా పరుచుకుని ఉన్నాయి. వాటి కింద పాత రాత, కడిగిన గోడ మీద పాత సున్నంలా, లీలగా ఉంది. రాయి మాట దొరికింది. దానికి ముందు తండ్రి మాట దొరికింది. మధ్యలో సున్న కనిపించింది. సున్న పక్కన పంగలకర్ర.

ఉమ వెలుతురు మార్చి చూసింది. పెద్దది చేసి చూసింది. కళ్లు మూసుకుని, కాసేపాగి, కొత్తగా చూసినట్టు చూసింది. ప్రతిసారీ రెండక్షరాలూ అక్కడే ఉన్నాయి. అంటే ఆ 'వద్దు' ఏ సన్యాసో చేర్చింది కాదు. ఆ తత్వవేత్తే ఏడవవద్దన్నాడు.

సోమవారం దవాఖానకు వెళ్లి వేరే ఆకు చదివించింది. బుధవారమూ అంతే. ఆకు వచ్చిందా అని అడిగితే రాలేదంది. సారుకు ఆమె అబద్ధం చెప్పడం అదే మొదలు. శుక్రవారం ఆయన అడగలేదు. ఆమె ముఖం వైపు కాసేపు చూసి, తెరువు అన్నాడు. ఉమ తెరిచింది.

ప్రభుదాసు ల్యాప్‌టాప్‌ను పొట్ట మీదికి లాక్కున్నాడు. షుగరు వల్ల అతని కుడికంట్లో అంతకుముందే రెండుసార్లు రక్తం చిమ్మింది. ఎడమకన్నే ఆధారం. దాన్ని తెరకు ఆనించినంత దగ్గరగా పెట్టి చూశాడు. నర్సు వచ్చి బీపీ చూసి వెళ్లింది. అతనికి తెలియలేదు. ఆ ఆకుకు తీసిన ఫోటోలన్నీ ఒకదాని తర్వాత ఒకటి వేయించుకుని, మళ్లీ మొదటిదానికి వచ్చాడు. జమ్ములమ్మ కాళ్ల దగ్గర కూర్చుని, ఏం జరుగుతోందో తెలియక ఇద్దరినీ మార్చి మార్చి చూసింది.

"సున్న ఉంది. పంగ ఉంది," అన్నాడు చివరికి. "కని అవి రెండు ఒక్క చేతివి కావు ఉమా. ఈ మనిషి పంగ రాస్తే ఎడమ కొమ్మ లావుగ రాస్తడు. ఆకంత సూడు, గట్లనే ఉంటది. ఇది సన్నగుంది. సున్న సూస్తే గీత మీద కూసోలే, జర పైకి లేసింది. పైరాతది కావచ్చు."

"తోలు ముడుచుకుంటే అట్ల లేస్తది సార్. నేను అన్నీ సూసిన."

"నువ్వు సూసినవ్. నేను కాదంటలేను. కని ప్రమాణం చేసేటంత లేదు. చుక్క పెట్టు. రెండిటికి పెట్టు."

ఉమ తెర వైపు చూసింది. సున్న ఆమెకు స్పష్టంగానే ఉంది. రక్తం చిమ్మిన కంటితో, నీరు పట్టిన ముఖంతో, ఆ రెండక్షరాలు లేకుండా పోతే చాలని పదేళ్లు బతికిన మనిషి ఎదురుగా ఉన్నాడు. ఆయన ముఖం చూసి చుక్కలు పెడితే, ఆయన నేర్పిన పని ఆయన కోసమే తప్పినట్టవుతుంది అనుకుంది. జాలి వేసింది. ఆ జాలిలోంచి కోపం కూడా వచ్చింది.

"సార్, ఇది ఇంకో వాక్యమైతే గూడ చుక్క పెట్టుమందురా?"

ప్రభుదాసు కళ్లజోడు తీశాడు. మిషను వైపు, అందులో ఎర్రగా తిరుగుతున్న చక్రం వైపు కొంతసేపు చూశాడు. ఏమైందని జమ్ములమ్మ అడిగింది.

"సరే. నీ కండ్లకు కనపడ్డది నువ్వు రాయి," అన్నాడు ఉమతో.

ఉమ ఆ సాయంత్రమే పంపించింది, చుక్కలు లేకుండా. అవతలివాళ్లు ఎగిరి గంతేశారు. ఆ గ్రంథంలో అందరూ కొట్టుకుచచ్చే వాక్యం ఇన్నాళ్లకు తేలిందని తమ వెబ్‌సైటులో పెట్టారు. చదివింది ఉమ అని ఆమె పేరు వేశారు. ప్రభుదాసు అనే భారతీయ పండితుడి ఊహ ఇక నిలవదని కింద ఒక మాట రాశారు. ఉమ అది చదివి, కాలేజీలో ఎవరికీ చూపించకుండా మూసేసింది.

తర్వాత కూడా ప్రభుదాసు వచ్చాడు కానీ చేతిలో పుస్తకం లేదు. ఉమ స్టూలు లాక్కుంటే, నిద్దరొస్తుంది బిడ్డా అని కళ్లు మూసుకునేవాడు. ఆమె వేరే ఆకు తెరిచి, ఫలానా మాట దగ్గర ఆగిపోయానని పైకి చదివి వినిపించేది. రెప్పల కింద కళ్లు కదిలేవి గానీ నోరు తెరిచేవాడు కాదు. మధ్యాహ్నం గొట్టాలు తీశాక, జమ్ములమ్మ భుజం పట్టుకుని, పోయొస్తం అని ఒక మాట అనేసి వెళ్లిపోయేవాడు. ఇలా మూడు వారాలు గడిచాక ఒక సోమవారం రాలేదు. బుధవారమూ రాలేదు. ఉమ ఫోన్ చేస్తే, బస్సెక్కనంటుండని జమ్ములమ్మ చెప్పింది. ఆమె గొంతులో నువ్వొచ్చి చెప్పమన్న వేడుకోలు లేదు. ఉన్న సంగతి చెప్పి పెట్టేసింది.

ఉమ ఆ పూట కాలేజీ మానేసి గద్వాల వెళ్లింది. కోట వెనక సందులో రెండు గదుల ఇల్లు. ప్రభుదాసు గోడకు దిండ్లు వేసుకుని ఒరిగి ఉన్నాడు. పడుకుంటే ఊపిరి ఆడటం లేదట. పాదాలు ఉబ్బి, వేలితో నొక్కితే గుంట పడి అలాగే ఉండిపోతున్నాయి. ఉమ నేల మీద కూర్చుని, వనపర్తి వద్దంటే ఇక్కడి దవాఖానకే పోదాం, ఆటో పిలుస్తానంది. అక్క వాళ్లాయనను కూడా రమ్మన్నానంది. ఆయన చేయి ఎత్తి ఆపాడు.

"ఎన్నొద్దులు తిరుగుతం? ఆ వంతెన మీదికెల్లి పోయినప్పుడల్ల మీ అమ్మ సచ్చి బతుకుతుంది. నేను సూస్తలేననుకుంటది," అన్నాడు, లోపలి గదిలో ఉన్న జమ్ములమ్మ వైపు చూసి.

"ఆ వంతెన లేకుంటనే ఇక్కడ చేపిద్దాం సార్."

"సూద్దాం."

ఉమ చాలాసేపు కూర్చుంది. ఆ శుక్రవారం తాను అన్న మాట ఇద్దరి మధ్యా ఉందని ఆమెకు తెలుసు. తప్పైంది సార్ అంటే చాలని కూడా తెలుసు. కానీ తప్పైందంటే ఆ అక్షరాలు లేవని ఒప్పుకున్నట్టే కదా, కనిపించినవాటిని కనిపించలేదని ఎలా అనేది అనుకుంది. మాట వేరు, అక్షరాలు వేరు అని ఆమెకు ఆ పూట తట్టలేదు. ఆయనైనా ఆ ఊసెత్తుతాడేమోనని చూసింది. ఆయన లింగాలలో వానలు ఎట్లున్నాయని అడిగాడు. నాన్న ఈసారి కందులు వేశాడా అని అడిగాడు. ఆమె చెప్పింది. కొంతసేపటికి ఆయన తల పక్కకు వాలి కునుకు పట్టింది. ఉమ లేచి వచ్చింది.

ఆ శనివారం ఊపిరి అందక, ఆటోలో గద్వాల దవాఖానకు తీసుకెళ్తుంటే దారిలోనే పోయాడు. అక్కడి డాక్టరు, మూత్రపిండాలతో పాటు గుండె కూడా ఏనాడో చెడిందనీ, డయాలసిస్ మానకపోయినా ఎక్కువ రోజులు ఉండేవాడు కాదనీ చెప్పాడు. ఉమ ఆ మాటను పట్టుకుని నిలబడాలని చూసింది. అది ఆమె బరువును ఆపలేదు.

పాల్ పక్కనే పూడ్చారు. సంఘం పెద్దలందరూ వచ్చారు. కొత్త పాస్టరు పొందికగా మాట్లాడాడు. ప్రభుదాసు గొప్ప చదువరి అన్నాడు, ఏం చదివాడో మాత్రం చెప్పలేదు. ఉమ ఆడవాళ్ల వెనక నిలబడి, గుంట చుట్టూ తడిసిన ఎర్రమట్టిలో దిగబడిన చెప్పుల గుర్తులు చూస్తూ ఉండిపోయింది.

వానాకాలం పోయి, పత్తి తీతలు మొదలయ్యే రోజుల్లో విదేశాల నుంచి మెయిలు వచ్చింది. ప్రార్థనల పుస్తకంలో కొన్ని ఆకులను మరో పద్ధతిలో ఫోటో తీశారట. అందులో పైరాత సిరా, అడుగురాత సిరా రెండు వేరే రంగుల్లో కనిపిస్తాయి. ముఖ్యమైన వాక్యం కాబట్టి ఆ ఆకును ముందు పెట్టారు. ఉమ వనపర్తిలో తన గదిలో ఒంటరిగా దాన్ని తెరిచింది.

పైరాత ఎర్రగా, అడుగురాత నీలంగా ఉంది. సున్న ఎర్రగా ఉంది. అది ప్రార్థనలోని ఏదో అక్షరం, అరిగి సగం పోయి, సగం తోలులోకి ఇంకింది. పంగలో ఒక కొమ్మ నీలమే, కానీ అది పక్క అక్షరానికి చెందిన గీత. రెండో కొమ్మకూ, కాడకూ ఏ రంగూ లేదు. అది సిరాయే కాదు, ఆ తోలు ఒంటి మీద ఉన్నప్పటి జంతువు నరం. అదంతా తీసేస్తే అక్కడ మిగిలింది అరిగిపోయిన ఖాళీ. రెండక్షరాలు ఉండి పోయి ఉండవచ్చు. అసలు లేకపోయి ఉండవచ్చు. ఉందని చెప్పడానికి లేదు, లేదని చెప్పడానికీ లేదు.

కొమ్మ సన్నగుంది అన్నాడు. సున్న పైకి లేచింది అన్నాడు. పైరాతది కావచ్చు అన్నాడు. ఒంట్లో రక్తమంతా బయట గొట్టాల్లో తిరుగుతుంటే, మిగిలిన ఒక్క కన్నుతో ఆయన చూసి చెప్పిన ప్రతి మాటా అలాగే ఉంది. పాఠం తన వైపు తిప్పమని కూడా ఆయన అడగలేదు. చుక్క పెట్టమన్నాడు. ఆమె మాత్రం అక్షరాలను కాక ఆయన ముఖాన్ని చదివి, అక్కడ లేని ఆశను చదివి, దాని కింద ఏ చుక్కా పెట్టకుండా ఆయన ఎదుటే చెప్పింది. ఉమ ల్యాప్‌టాప్ మూసింది. బాత్‌రూంలోకి వెళ్లి కుళాయి తిప్పి, నీళ్ల కింద చేతులు పెట్టుకుని, ఎందుకు వచ్చిందో గుర్తు రాక చాలాసేపు నిలబడింది.

ఆమెను ఎవరూ తప్పుపట్టలేదు. ఈ పనిలో ఇలాంటివి మామూలేనని ప్రాజెక్టును నడిపే ప్రొఫెసరమ్మ ఓదార్పుగా రాసింది. అచ్చు పుస్తకంలో ఆ చోట ఖాళీ వదిలి చుక్కలు పెడతామంది. ప్రభుదాసు సూచన ఎప్పటిలాగే పేజీ అడుగున ఉంటుందంది. ఉమ ఒక సవరణ రాసి పంపింది. మొదటి ఫోటో చూసినప్పుడే ప్రభుదాసు ఈ రెండక్షరాలనూ అనుమానించాడనీ, కారణాలు ఇవీ అనీ, చుక్కలు పెట్టమన్నాడనీ, తాను వినలేదనీ అందులో రాసింది. ప్రొఫెసరమ్మ ఆ వాక్యాలు కొట్టేసి, వెనుకటి పాఠం ఉపసంహరించుకుంటున్నాం అన్న ఒక్క ముక్క ఉంచింది. ఆయన నోటిమాటగా చెప్పాడని అయినా వేయమని ఉమ మళ్లీ రాసింది. రాతపూర్వకంగా ఏదైనా ఉందా అని అడిగారు. ఏమీ లేదు. మీ బాధ అర్థమవుతుంది గానీ సవరణ పత్రం అందుకు చోటు కాదన్నారు. నిజానికి వాళ్లు పాటించిన పద్ధతే ప్రభుదాసు కూడా పాటించేవాడు. అది తెలిసి ఉమ ఇంకేమీ రాయలేకపోయింది.

జమ్ములమ్మ అప్పటికే గద్వాల ఇల్లు ఖాళీ చేసి అయిజలో తమ్ముడు రామన్న ఇంటికి చేరింది. ఉమ ఒక ఆదివారం అక్కడికి వెళ్లింది. ఇంటి ముందు రేకుల నీడలో జమ్ములమ్మ విత్తనానికి పల్లికాయ ఒలుస్తోంది. రా అని చాప చూపించింది. ఉమ కూర్చుని, తను కూడా గుప్పెడు కాయలు తీసుకుని ఒలుస్తూ, జరిగింది జరిగినట్టు చెప్పింది. సిరాల రంగులు, జంతువు నరం, సున్న, అన్నీ ఆమెకు అర్థమయ్యేలా చెప్పింది. జమ్ములమ్మ చేతులు ఆగలేదు. గింజ పగలకుండా ఒలవడం మీదే చూపు పెట్టి అంతా విన్నది.

"అంటే మీ సారు సరిగ్గనే సూసిండు," అంది.

"అవునమ్మా."

"నువ్వేమో కొడుకు మీది పాణంతోని లేనిది చెప్తుండనుకున్నవ్."

"అవును."

జమ్ములమ్మ ఒళ్లో పొట్టు దులిపింది. "గా దినం బస్సుల నేనడిగిన, ఏమైందని. ఏం లేదు, పిల్ల పని నేర్చుకుంది అన్నడు. తర్వాత మల్ల ఎన్నడు నీ పేరు తియ్యలే. ఫోన్ జెయ్యాల్నా అంటే గూడ వద్దన్నడు."

ఉమ చేతిలో కాయ చేతిలోనే ఉంది. ఆమె ఇంకేమైనా అంటుందని చూసింది. తిట్టినా బాగుండుననుకుంది. జమ్ములమ్మ ఇంకో కాయ అందుకుంది. కాసేపటికి రామన్న భార్య జొన్నరొట్టె, పుంటికూర తెచ్చి పెట్టింది. పెట్టినదాన్ని వదలకూడదని ఉమ రెండు ముక్కలు తిని నీళ్లు తాగింది. ప్రభుదాసు పుస్తకాలు ఏమయ్యాయని అడగబోయి మానుకుంది. అవి అట్టపెట్టెల్లో గోడవారన కనిపిస్తూనే ఉన్నాయి. వాటి మీద ఎండుమిరపకాయల సంచులు పెట్టారు.

పొద్దు వాలుతుండగా, చీకటైతే గద్వాలకు బండ్లు దొరకవు, లెవ్వు అంది జమ్ములమ్మ. ఉమ లేచి, మళ్లీ ఎప్పుడైనా వస్తానంది.

"ఎందుకు?" అంది జమ్ములమ్మ.

కోపంగా అనలేదు. నిజంగానే తెలియక అడిగింది. ఉమ చెప్పులు తొడుక్కుని రోడ్డెక్కింది. ఆ రోజు సంత. బస్సు నిండా గంపలు, మూటలు, మనుషులు. కూర్చునే చోటు దొరకలేదు. పైకమ్మీ పట్టుకుని గద్వాల దాకా నిలబడే పోయింది.